కుక్కను కాపాడారు సరే, ఫిర్యాదు ఎప్పుడిస్తారు?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంటి వెనక షెడ్డులో నేనూ, మా తమ్ముడూ, ఇద్దరు స్నేహితులూ కలిసి యజమానులు పట్టించుకోని కుక్కల్ని, పిల్లుల్ని చేరదీస్తుంటాం. మా వీధిలో ఒక కాంట్రాక్టరు తన లాబ్రడార్‌ను మేడ మీద రెండడుగుల గొలుసుతో కట్టేసి, పనుల మీద వారాల తరబడి భువనేశ్వర్ వెళ్లిపోయేవాడు. ఎండలో నీళ్లు కూడా లేక మూలుగుతుంటే చూడలేక ఏప్రిల్ 20 రాత్రి గోడ దూకి, గొలుసు కోసి తెచ్చేశాం. మెడ చుట్టూ పుండు, అందులో పురుగులు. రెండు నెలలు కంటికి రెప్పలా చూసుకున్నాం, ఇప్పుడు పరుగులు తీస్తోంది. ఆయన వచ్చి కుక్కనిస్తారా, దొంగతనం కేసు పెట్టమంటారా అంటున్నాడు. అలాంటి మనిషికి తిరిగి ఇవ్వాల్సిందేనా? కుక్క చచ్చిపోయిందని చెప్పేసి, పాతపట్నం దాటించి విశాఖలో తెలిసినవాళ్లకు దత్తత ఇచ్చేయమని అందరూ అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

జవాబు: అమ్మా, మీరు రాసిన నాలుగు పేజీల్లో మూడు పేజీలు ఆయన ఎంత దుర్మార్గుడో చెప్పడానికే సరిపోయాయి. నేను వెతికింది ఒకే ఒక్క వాక్యం కోసం. పోలీసు థానాలోనో కోర్టులోనో ఆయన మీద ఫిర్యాదు ఇచ్చామన్న వాక్యం ఎక్కడా లేదు. మీ కేసు తేలేది అక్కడే.

మన చట్టంలో పెంపుడు జంతువు యజమాని ఆస్తి. మనకు నచ్చినా నచ్చకపోయినా అదే లెక్క. ఫిర్యాదు లేనంతవరకూ కాగితాల మీద ఆయన కుక్క యజమాని, మీరు రాత్రిపూట గోడ దూకి దాన్ని పట్టుకుపోయినవాళ్లు. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 11 ప్రకారం మరీ పొట్టి గొలుసుతో చాలాసేపు కట్టేయడం నేరం, యజమాని చాలినంత తిండి, నీళ్లు, నీడ ఇవ్వకపోవడమూ నేరమే. ఆయన రెండూ చేశాడనే మీరు చెబుతున్నారు. కానీ అదే చట్టంలో సెక్షన్ 36 ఉంది, చాలామంది చూడనిది. నేరం జరిగిన నాటి నుంచి మూడు నెలలు దాటితే ప్రాసిక్యూషన్ మొదలుపెట్టడానికి వీల్లేదు. ఆయన నిర్లక్ష్యం రోజూ సాగిన నేరమే అనుకున్నా, అది ఏప్రిల్ 20తో ఆగిపోయింది, ఎందుకంటే ఆ రాత్రి కుక్క మీ చేతికొచ్చింది. అంటే జులై 20కి ముందే ఫిర్యాదు కోర్టులో పడాలి. కుక్క మీ షెడ్డులో హాయిగా తిని పడుకున్న ప్రతి రోజూ ఆయన నేరం పాతబడుతూ వచ్చింది. జూన్ నెలాఖరున నాకు రాస్తున్నారు, మీకు మిగిలింది మూడు వారాలు, మధ్యలో రథయాత్ర సెలవు కూడా ఉంది. ఆలస్యాన్ని కోర్టు క్షమిస్తుందిలే అన్న ఆశ పెట్టుకోకండి, ప్రత్యేక చట్టంలో రాసిన గడువు విషయంలో ఆ ధైర్యం నేను చెయ్యను.

థానా చుట్టూ తిరిగి ఈ మూడు వారాలూ పోగొట్టుకోవద్దు. ఇవి పోలీసులు తమంతట తాము దర్యాప్తు చేయగలిగిన నేరాలు కావు. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 174 కింద డైరీలో రాసుకుని మిమ్మల్ని మేజిస్ట్రేట్ దగ్గరకు వెళ్లమంటారు. రాతపూర్వకంగా ఒక కాగితం ఇచ్చి డైరీ నంబరు తీసుకోండి, అక్కడితో థానా పని అయిపోయింది. అసలు ఫిర్యాదు ఎస్‌డీజేఎం (సబ్ డివిజనల్ జ్యుడీషియల్ మేజిస్ట్రేట్) కోర్టులో వేయాలి. ఇదే కొత్త చట్టం ప్రకారం మేజిస్ట్రేట్ కేసు స్వీకరించే ముందు అవతలి మనిషి మాట కూడా వినాలి, దానికి వాయిదాలు పడతాయి. కంగారు అక్కర్లేదు. గడువు లెక్కకు ఫిర్యాదు దాఖలు చేసిన రోజే ముఖ్యమని 2013లో సారా మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. దాఖలు మాత్రం జులై 10 లోపే అయిపోవాలి.

ఇక సాక్ష్యం. మిమ్మల్ని కోప్పడక తప్పదు. మెడలో దిగబడిన ఆ గొలుసు కంపు కొడుతోందని కాలువలో పారేశామని రాశారు. రెండడుగుల గొలుసు అని నోటితో ఎన్నిసార్లు చెప్పినా ఆ గొలుసుకు సాటి రాదు. పుండు ఫొటోలు వాట్సాప్‌లో పంపుకుని, ఫోన్ నిండిందని అసలువి తీసేశారట. పాటపెట్టి రీల్ చేశారు, దాన్ని వేలమంది చూశారు, కోర్టుకు మాత్రం పనికొచ్చేది కష్టమే. మీ తమ్ముడి ఫోన్‌లో ఒరిజినల్ వీడియో ఉందన్నారు కదా, ఆ ఫోన్ ఇక ఎవరికీ ఇవ్వకండి, మార్చకండి, రీసెట్ చేయకండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేస్తేనే ఆ వీడియోకు విలువ.

అయితే మీరు విలువ తెలియక ఒక్క ముక్కలో రాసి వదిలేసిన సంగతి ఒకటుంది. మూడో రోజు ప్రభుత్వ పశువుల ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడ తూకం వేసి ఓపీ చీటీ మీద 15 కిలోలని రాశారు. ఇప్పుడది 25 కిలోలు. మీ కేసుకు ప్రాణం ఆ చీటీ. ఆయన లాయరు ఏమంటాడో నాకు తెలుసు, కుక్కకు జబ్బు, అందుకే చిక్కిపోయింది అంటాడు. జబ్బుతో చిక్కిన కుక్క అన్నం పెట్టినంత మాత్రాన రెండు నెలల్లో పది కిలోలు పెరుగుతుందా? ఆకలితో ఉన్న కుక్కకు ఒకేసారి కడుపునిండా పెడితే ప్రమాదమని డాక్టరు చెప్పగా, మొదటి వారం రోజుకు ఐదుసార్లు గంజి, కోడి ఉడకబెట్టిన నీళ్లు కొంచెం కొంచెంగా పట్టించామన్నారు. షెడ్డు గోడకు తగిలించిన క్యాలెండర్ మీద మీ తమ్ముడు ప్రతి ఆదివారం బరువు పెన్సిల్‌తో రాసుకున్నాడన్నారు. ఆ క్యాలెండర్ తీసి భద్రపరచండి. పెన్సిల్ గీతల మీద పెన్నుతో దిద్దకండి, ఉన్నదున్నట్టు ఉంచండి. ఆ డాక్టరు గారి దగ్గరకే మళ్లీ వెళ్లి, నేటి బరువు, మెడ మీద మచ్చ కొలత, చిక్కిపోవడానికి కారణం మీద ఆయన అభిప్రాయం రాయించుకోండి. మేడ కనబడే పక్కింటావిడ పేరు సాక్షిగా పెట్టండి, ఆవిడ ముందుకొస్తే.

శిక్ష గురించి భ్రమలు వద్దు. మొదటి నేరానికి 10 రూపాయల నుంచి 50 రూపాయల జరిమానా, అంతే. దశాబ్దాల కిందట రాసిన అంకె ఇవాళ్టికీ అలాగే ఉంది, నాకూ కడుపు మండుతుంది. ఆయన నేరం ఒప్పుకుని 50 రూపాయలు కట్టేసి కుక్కను అడిగితే? అందుకే ఫిర్యాదులోనే జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 29 కింద కుక్కపై ఆయన హక్కు తీసేయమని కోరాలి. అది ఊరికే రాదు. ఆయన దగ్గర వదిలితే మళ్లీ హింస తప్పదని సాక్ష్యంతో చూపించాలి. ఇంతకు ముందు కూడా వారాల తరబడి వదిలి వెళ్లాడని పక్కింటావిడ చెబితే అది ఇక్కడ పనికొస్తుంది.

విశాఖ సలహా ఎవరిచ్చారో గానీ ఆ దారి తొక్కితే మునిగిపోతారు. దొంగతనం నిలబడాలంటే దురుద్దేశం ఉండాలి. చచ్చిపోతున్న జీవిని ఆసుపత్రికి తీసుకెళ్లడం దురుద్దేశం కాదని నేను కోర్టులో వాదించగలను, ఓపీ చీటీ ఉంది, ఊరంతా చూస్తుండగా పెంచారు. కుక్క చచ్చిపోయిందని అబద్ధమాడి రాష్ట్రం దాటించిన రోజున ఆ వాదన పోతుంది, మీ మంచి ఉద్దేశానికి ఉన్న రుజువు మీరే చెరిపేసినట్టు. పాత తేదీ వేసి ఆయన ఇచ్చేసినట్టు కాగితం సృష్టిద్దామా అని కూడా అడిగారు, అది ఫోర్జరీ. ఇంకోసారి ఆ మాట ఎవరి దగ్గరా అనకండి, వాట్సాప్‌లో అసలే అనకండి.

చేయాల్సింది ఇది. ఫిర్యాదుతో పాటే, కేసు తేలేదాకా కుక్కను మీ దగ్గరే ఉంచమంటూ మధ్యంతర కస్టడీ పిటిషన్ వేయండి. కుక్క మా దగ్గరే, ఫలానా చోట ఉంది, కోర్టు ఎప్పుడు చూపమంటే అప్పుడు చూపిస్తాం అని మీరే ముందుగా చెప్పండి. అదే జంతు హింస నిరోధక చట్టం సెక్షన్ 35 కింద చికిత్స పూర్తయ్యేదాకా సంరక్షణలో ఉంచమని అడగండి. మేజిస్ట్రేట్ ఉత్తర్వుతో అలా ఉంటే పోషణ ఖర్చు యజమాని మీద పడే వీలుంది, ఈ మాట తెలిశాక ఆయనే సర్దుబాటుకు రావచ్చు. వస్తే ఇద్దరు సాక్షుల ముందు ఆయన సొంత సంతకంతో హక్కు వదులుకున్నట్టు రాయించుకోండి, టీకాల కార్డు కూడా తీసుకోండి. మీ షెడ్డు సొసైటీగానో ట్రస్టుగానో రిజిస్టర్ అయి ఉంటే ఆ పత్రం జతచేయండి. లేకపోతే మీ పేరు మీద జిమానామాకు, అంటే కోర్టుకు హామీ రాసిచ్చి కుక్కను మీ దగ్గర ఉంచుకోవడానికి, అడగాలి, అది కాస్త కష్టం.

ఈలోగా ఆయన మనుషులతో వస్తే కుక్కను ఇవ్వొద్దు, గొడవా పడొద్దు. పోలీసులు స్వాధీనం చేసుకుంటామంటే అడ్డుపడకండి, కుక్క ప్రస్తుత స్థితి రాసిన రసీదు తీసుకోండి. దొంగతనం ఫిర్యాదు మీద నోటీసు వస్తే తప్పించుకు తిరగకుండా ఓపీ చీటీ నకలు పట్టుకుని లాయరుతో వెళ్లండి.

సోమవారం ఉదయం మొదట పశువుల ఆసుపత్రికి వెళ్లండి, అక్కడి నుంచి నేరుగా కోర్టుకు. కుక్క మెడ మీద వెంట్రుకలు మళ్లీ మొలుస్తున్నాయన్నారు, మచ్చ పూర్తిగా కప్పబడకముందే స్కేలు పక్కన పెట్టి ఫొటోలు తీయించండి.