మెక్సికోలో అమ్మానాన్నలను కోల్పోయిన అక్క కూతురిని అమెరికా తెచ్చుకోవడం ఎలా?

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటాం. నాది గుంటూరు జిల్లా, గ్రీన్‌కార్డ్ ఉంది. నా భార్య మెక్సికోలో పుట్టింది, ఇప్పుడు అమెరికా సిటిజన్. పుయెబ్లాలో ఉండే వాళ్లక్క, బావగారు ఈమధ్య రోడ్డు ప్రమాదంలో పోయారు. వాళ్లకు ఒక్కతే కూతురు, వయసు 15 ఏళ్ల 4 నెలలు. ప్రస్తుతం 71 ఏళ్ల అమ్మమ్మ దగ్గర ఉంది. మాకు పిల్లలు లేరు, డబ్బుకు ఇబ్బంది లేదు. టూరిస్ట్ వీసా మీద తీసుకొచ్చి స్కూల్లో చేర్చి, తర్వాత ఇక్కడి కోర్టులో దత్తత తీసుకుందామనుకుంటున్నాం. మెక్సికోలో గార్డియన్ ఆర్డర్ ఉంటే చాలని ఒక స్నేహితుడు అంటున్నాడు. అమ్మాయి చిన్నాన్నేమో వాళ్ల ఇల్లు అమ్మేద్దామని ఒత్తిడి చేస్తున్నాడు. కుదరకపోతే బాధపడుతుందని అమ్మాయికి మేమింకా ఏమీ చెప్పలేదు. ఏం చేయమంటారు? (పేరు వద్దు)

జవాబు: టికెట్ కొనకండి. దత్తత కాగితాల మీదా ఇప్పుడే సంతకాలు పెట్టకండి. మిగతాది నిదానంగా చెబుతాను.

మన వరసల్లో అక్క కూతురంటే కూతురే. మీ ఆవిడ ఆ పిల్లకు పిన్ని, మీరు బాబాయి. అమెరికా ఇమిగ్రేషన్ చట్టానికి ఈ వరసలు పట్టవు. సిటిజన్ అయినవాళ్లు భర్తకో భార్యకో, పిల్లలకో, తల్లిదండ్రులకో, తోబుట్టువులకో పిటిషన్ వేయొచ్చు. అక్క కూతురి కోసం వేయడానికి ఫారమే లేదు. మీ స్నేహితుడు చెప్పిన గార్డియన్ ఆర్డర్ వల్ల పిల్ల బాధ్యత మీకు వస్తుందే గానీ వీసా రాదు. ఈ రెండూ ఒకటేననుకుని ఏడాది పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

అన్నిటికంటే ముందు ఒకటి చూడండి. అమ్మాయి పుట్టింది మెక్సికోలోనేనా? తల్లిదండ్రుల్లో ఎవరికైనా ఆమె పుట్టేనాటికే అమెరికా పౌరసత్వం ఉందా? ఉండి, చట్టం అడిగినన్ని ఏళ్లు వాళ్లు అమెరికాలో గడిపి ఉంటే ఆ పిల్ల పుట్టుకతోనే సిటిజన్. అప్పుడు పాస్‌పోర్ట్ తీసుకుంటే సరిపోతుంది, ఈ జవాబులో మిగతాదంతా మీకు అక్కర్లేదు. సరిహద్దుకు అటూ ఇటూ బతికిన కుటుంబాల్లో ఇలాంటివి బయటపడుతుంటాయి కాబట్టి పాత బీరువాలు వెతికించండి.

ఇక టూరిస్ట్ వీసా. ఇంటర్వ్యూలో ఎందుకు వెళ్తున్నావని అడుగుతారు. మీ ప్లాన్ ప్రకారం ఆ పిల్ల ‘పిన్నిని చూసి రెండు వారాల్లో వచ్చేస్తాను’ అని అబద్ధం చెప్పాలి. ఎయిర్‌పోర్ట్‌లో సూట్‌కేస్ తెరిస్తే మార్కుల షీట్లు, టీకాల కార్డు, బర్త్ సర్టిఫికెట్, చలికోట్లు కనబడతాయి. ఇక ఆఫీసరుకు వేరే సాక్ష్యం ఎందుకు? తప్పుడు సమాచారంతో వీసా తీసుకున్నారని ఒకసారి రికార్డులోకి ఎక్కితే దానికి గడువంటూ లేదు, ఆ మచ్చ జీవితాంతం వెంట వస్తుంది. పెద్దల తొందరకు శిక్ష పిల్ల మీద పడుతుంది.

ఒకవేళ ఎలాగో వచ్చినా సాధారణంగా ఆరు నెలలే ఉండనిస్తారు, పైగా ఆ వీసా మీద చదువుకోకూడదు. మీ పక్కనున్న ప్రభుత్వ స్కూలు మాత్రం చేర్చుకుంటుంది. కాగితాల్లేని పిల్లలకైనా బడి తలుపు మూయకూడదని 1982లో ప్లైలర్ వర్సెస్ డో కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు పుట్టింది మీ టెక్సస్‌లోనే, టైలర్ అనే ఊళ్లో. స్కూలు వాళ్లు చేర్చుకున్నారు కదా, అంతా సక్రమంగానే ఉందని చాలామంది ధీమాగా ఉండిపోతారు. బడి లెక్క వేరు, వీసా లెక్క వేరు.

స్టూడెంట్ వీసా మీద ప్రైవేట్ హైస్కూల్లో చదవొచ్చు. ప్రభుత్వ హైస్కూల్లో అయితే మొత్తం 12 నెలలే, అదీ పూర్తి ఖర్చు కట్టి. డబ్బుంది కాబట్టి మీకు ఈ దారి నచ్చవచ్చు. కానీ చదువయ్యాక తిరిగి వెళ్తానని అమ్మాయి ఆఫీసరును నమ్మించాలి. ఒకపక్క దత్తత కాగితాలు నడుస్తుంటే ఆ మాట నిలబడటం కష్టం. రెండు పడవల మీద కాళ్లు పెట్టొద్దు.

మీకు అసలు దారి హేగ్ దత్తత ఒప్పందం, అంటే ఒక దేశపు పిల్లను ఇంకో దేశం వాళ్లు దత్తత తీసుకోవడానికి దేశాలు కలిసి చేసుకున్న ఒప్పందం. మెక్సికో అందులో మొదట్లోనే చేరింది, అమెరికాలో అది 2008 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. మీ ఆవిడకు మెక్సికో పౌరసత్వం ఇంకా ఉన్నా లాభం లేదు. ఇక్కడ చూసేది పాస్‌పోర్ట్ రంగు కాదు, ఎవరు ఎక్కడ స్థిరంగా ఉంటున్నారన్నది. పిల్ల అక్కడ, మీరు ఇక్కడ కాబట్టి ఇది రెండు దేశాల మధ్య దత్తత కిందికే వస్తుంది.

తెలివైనవాళ్లు కూడా బోల్తా పడేది ఇందులోని వరుస దగ్గరే. ముందు దత్తత చేసుకుని తర్వాత వీసా చూసుకుందామనిపించడం సహజం, మన ఊళ్లలో అయితే పద్ధతి కూడా అదే. ఇక్కడ అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ల ప్రాథమిక ఆమోదం రాకముందే మెక్సికో కోర్టులో దత్తత పూర్తి చేస్తే, ఆ దత్తతే వీసాకు అడ్డమవుతుంది. దాన్ని రద్దు చేయించుకుని మళ్లీ మొదటి నుంచి రావాలి. మీ ఆలోచన ప్రకారం టెక్సస్ కోర్టులో చేసుకున్నా చిక్కు తప్పదు.

కాబట్టి మొదట హేగ్ గుర్తింపు ఉన్న ఏజెన్సీతో హోమ్ స్టడీ చేయించుకోండి. మీ ఇల్లు, ఆదాయం, ఆరోగ్యం, పోలీసు రికార్డు అన్నీ చూస్తారు. మీరు 18 ఏళ్లు నిండాక ఎక్కడెక్కడ ఉన్నారో కూడా అడుగుతారు, అందుకని హ్యూస్టన్ కాన్సులేట్ ద్వారా ఇండియా పోలీస్ క్లియరెన్స్‌కు ఇవాళే అప్లై చేయండి. ఆలస్యమయ్యేది ఎక్కువగా అక్కడే. ఆ రిపోర్టు జతచేసి మీ ఆవిడ ఐ-800ఏ ఫారం వేయాలి, దత్తతకు మీరు తగినవాళ్లేనా అని చూసేది ఇదే. వేయాల్సింది సిటిజనే, గ్రీన్‌కార్డ్‌తో మీరు వేయలేరు. కానీ భర్తగా మీ సంతకం ఉండాలి. తర్వాత మెక్సికోలో పిల్లల సంక్షేమం చూసే డిఫ్ సంస్థ అమ్మాయి గురించి నివేదిక ఇస్తుంది. దాంతో ఆ పిల్ల కోసం ఐ-800 ఫారం వేస్తారు. ప్రాథమిక ఆమోదం, అమెరికా కాన్సులేట్ ఉత్తరం వచ్చాకే కోర్టు దత్తత, ఆ తర్వాత సియుదాద్ హువారెస్‌లోని అమెరికా కాన్సులేట్‌లో వీసా. మెక్సికోలోనే పూర్తి దత్తత అయి, 18 లోపు ఆ వీసా మీద అమెరికాలో అడుగుపెడితే ఆ రోజే ఆమె సిటిజన్ అవుతుంది.

గడియారం మాత్రం గట్టిగానే కొట్టుకుంటోంది. ఐ-800 పడేనాటికి పిల్లకు 16 నిండకూడదు. 15 దాటాక, 16 లోపు ఐ-800ఏ వేసి, అది ఆమోదం పొందిన 180 రోజుల్లోపు ఐ-800 వేస్తే మొదటి ఫారం తేదీనే లెక్కలోకి తీసుకుంటారు. అంటే మీ చేతిలో ఉన్నది సుమారు 8 నెలలు. కోర్టు తీర్పు 16 నిండాక వచ్చినా ఫర్వాలేదు, మొదటి ఫారం మాత్రం ఆ పుట్టినరోజు దాటకూడదు.

ఇంకో మార్గం కూడా ఉంది, అందరికీ కుదిరేది కాదు. మీ ఆవిడ పుయెబ్లా వెళ్లి, 16 లోపు అక్కడే దత్తత పూర్తి చేసుకుని, పిల్లతో కలిసి రెండేళ్లు అక్కడే ఉంటే హేగ్ పద్ధతి అవసరం లేకుండా మామూలు కుటుంబ పిటిషన్ వేయొచ్చు. ఉద్యోగం ఇంటి నుంచి చేసేదైతే ఆలోచించండి. తల్లి పోయిన పిల్లను సొంత ఇంట్లోంచి, సొంత బడిలోంచి వెంటనే కదిలించాల్సిన పని ఉండదు. నన్నడిగితే, డబ్బున్నవాళ్లు పెద్దగా తలచుకోని ఈ దారే చాలాసార్లు పిల్లకు మేలు.

ఎవరైనా ‘జువెనైల్ గ్రీన్‌కార్డ్’ గురించి చెబితే తల ఊపి ఊరుకోండి. అది ఇప్పటికే అమెరికాలో ఉండి, తల్లిదండ్రుల ఆదరణకు దూరమైన పిల్లల కోసం పెట్టింది. దాని కోసమని టూరిస్ట్ వీసా మీద తీసుకొస్తే, పైన చెప్పిన అబద్ధం చిక్కే మళ్లీ వస్తుంది.

ఇప్పుడు అమ్మమ్మ సంగతి. మీ ఉత్తరంలో ఆవిడ పెద్దావిడగానే కనబడుతోంది గానీ చట్టంలో కీలకం ఆవిడే. మెక్సికో ఫెడరల్ సివిల్ కోడ్ ప్రకారం తల్లిదండ్రులిద్దరూ పోతే పిల్లల మీద హక్కు ముందు తాతయ్యలకు, నానమ్మ అమ్మమ్మలకు వస్తుంది. వాళ్లలో ఎవరికన్నది ఫ్యామిలీ జడ్జి తేలుస్తారు. పిన్ని, చిన్నాన్నల వంతు ఆ తర్వాతే. ఒక్కో రాష్ట్రానికి ఒక్కో సివిల్ కోడ్ ఉంటుంది కాబట్టి పుయెబ్లాలోనే ఒక ఫ్యామిలీ లాయరును పెట్టుకుని, ఆవిడ హక్కును కోర్టులో ఖరారు చేయించండి. పాస్‌పోర్టుకూ, పిల్ల దేశం దాటడానికీ, దత్తతకూ ఆవిడ సంతకమే కావాలి. నాన్న తరఫు నానమ్మో తాతయ్యో ఉంటే వాళ్లతో కూడా ఇప్పుడే మాట్లాడండి.

చిన్నాన్నను చూసి టెన్షన్ పడకండి. మైనరు పేరిట ఉన్న ఇంటిని జడ్జి అనుమతి లేకుండా అమ్మమ్మ కూడా అమ్మలేదు, ఇక ఆయనెవరు? మన హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ చట్టంలో 8వ సెక్షన్ లాంటిదే ఇది. వారసత్వ కేసు మాత్రం వెంటనే వేయించండి.

డబ్బుకు ఇబ్బంది లేదన్నారు, అయినా ఇది వినండి. ఆ తల్లిదండ్రులకు మెక్సికో సోషల్ సెక్యూరిటీ ఉండి ఉంటే అమ్మాయికి అనాథ పెన్షన్ వస్తుంది. అది 16 ఏళ్ల దాకా, చదువుతుంటే 25 దాకా ఇస్తారు. చదివేది మెక్సికో జాతీయ విద్యావ్యవస్థలోని బడి అయి ఉండాలని షరతు. డాలస్ స్కూలుకు మారితే 16 తర్వాత అది ఆగిపోవచ్చు. మీకు చిన్న మొత్తమే కావచ్చు, కానీ అది వాళ్ల నాన్న కష్టార్జితం. వదులుకునే ముందు ఆ పిల్లకు తెలియాలి.

అమ్మాయికి ఏమీ చెప్పలేదన్నారు. అది కుదరదు. 12 ఏళ్లు దాటిన పిల్లను దత్తత తీసుకోవాలంటే ఆమె సమ్మతి కావాలని ఆ మెక్సికో ఫెడరల్ సివిల్ కోడ్‌లోనే ఉంది. డిఫ్ సోషల్ వర్కర్ ఒక గదిలో ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, వెళ్లాలని ఉందా, అమ్మమ్మను వదిలి ఉండగలవా అని అడుగుతుంది. ఆ ప్రశ్న ఆ పిల్ల మొదటిసారి వినేది అక్కడ కాకూడదు. ఈ వారమే మీ ఆవిడను ఒక్కదాన్నే పుయెబ్లా పంపండి. ‘కాదు’ అనే జవాబు వచ్చినా ఆ ఇల్లు నిలబెట్టడానికి, ఫీజులు కట్టడానికి, ఏటా సెలవుల్లో పిలిపించుకోవడానికి మీకు ఏ కోర్టు అనుమతీ అక్కర్లేదు. సెలవులకు రావడానికైతే టూరిస్ట్ వీసా నిజంగానే సరిపోతుంది.