గైడ్‌లైన్‌ను యాప్‌లో పెట్టేముందు కాగితం మీద తేల్చుకోవాల్సినవి

"గర్భిణుల సంరక్షణకు డబ్ల్యూహెచ్‌ఓ (ప్రపంచ ఆరోగ్య సంస్థ) గైడ్‌లైన్ చేతిలో ఉంది కదా, అందులోని నియమాలను కోడ్‌గా రాసి జాతీయ డిజిటల్ ఆరోగ్య వ్యవస్థకు కలిపితే అయిపోదా?" అని మీరు అడిగారు. ములుగు వైపు సబ్‌సెంటర్లలో వాడిన గర్భిణుల నమోదు యాప్ ఒకదానికి నియమాలు రాసి, ఏఎన్ఎంలతో పరీక్షించే పనిలో నేను రెండేళ్లు ఉన్నాను. కోడ్‌కు పట్టిన కాలం తక్కువే. గైడ్‌లైన్ చెప్పకుండా వదిలేసినవి తేల్చుకోవడానికే ఎక్కువ రోజులు పట్టింది.

రక్తహీనత సంగతే చూడండి. 2018 నాటి కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం అనీమియా ముక్త్ భారత్ ప్రకారం గర్భిణికి హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత. 7 నుంచి 10.9 దాకా ఐరన్ మాత్రలు రోజుకు రెండు, 7 కంటే తగ్గితే పెద్దాసుపత్రికి పంపాలి. చదివితే అంతా స్పష్టంగానే ఉంది. యాప్ చేసినవాళ్లు మాత్రం "7 కంటే తక్కువైతే", "7 కంటే ఎక్కువైతే" అని రెండు షరతులు రాశారు. ఒకామెకు సరిగ్గా 7.0 వచ్చింది. తెర మీద ఏ సూచనా లేదు. ఎనిమిదో నెల, నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఏఎన్ఎం అక్క కంటిరెప్ప కిందికి లాగి చూసి, ఫోన్ పక్కన పెట్టి, బండి పిలిపించి ఆసుపత్రికి పంపింది. అక్క అనుభవం లేకపోయి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకు ఇప్పటికీ భయమే.

ఆ తర్వాత ప్రతి నియమాన్నీ ముందు పట్టికగా రాయడం మొదలుపెట్టాం. ఏం తెలిస్తే ఏం చేయాలి, ఆ మాట గైడ్‌లైన్‌లో ఎక్కడుంది, మనం ఏం మార్చాం, ఎందుకు మార్చాం. దాన్ని డాక్టరమ్మ చదివి సంతకం పెట్టాకే ప్రోగ్రామర్ చేతికి వెళ్లేది.

డబ్ల్యూహెచ్‌ఓ 'స్మార్ట్ గైడ్‌లైన్స్' అని చెప్పేది దాదాపు ఇదే పద్ధతి. మొదటి అంచె మామూలుగా చదువుకునే గైడ్‌లైన్. రెండోది డిజిటల్ అడాప్టేషన్ కిట్: ఎవరు వాడతారు, పని ఏ వరసలో సాగుతుంది, ఏ వివరాలు నమోదు కావాలి, నిర్ణయాల పట్టికలు, సూచికలు అన్నీ అందులో ఉంటాయి. గర్భిణుల సంరక్షణకు ఈ కిట్ 2021లో వచ్చింది. మూడో అంచెలో అదంతా ఎఫ్‌హెచ్‌ఐఆర్ (ఆరోగ్య వివరాలను కంప్యూటర్లు ఒకదానితో ఒకటి పంచుకునే పద్ధతి) లాంటి ప్రమాణాల్లో యంత్రం చదివే రూపంలోకి మారుతుంది. సాఫ్ట్‌వేర్ నాలుగో అంచె. మీ ప్రశ్న ఒకటి నుంచి నేరుగా నాలుగుకు దూకుతోంది.

కిట్ దొరికింది కదా అని ఉన్నదున్నట్టు ఎక్కించినా కుదరదు. గర్భిణి కనీసం ఎనిమిదిసార్లు వైద్య సిబ్బందిని కలవాలని డబ్ల్యూహెచ్‌ఓ 2016లో చెప్పింది. మన కార్యక్రమంలో కనీసం నాలుగు. ఫోలిక్ యాసిడ్ అక్కడ 400 మైక్రోగ్రాములు, మన మాత్రలో 500. గర్భంలో షుగర్‌కు డబ్ల్యూహెచ్‌ఓ మూడు హద్దులు చెప్తుంది: పరగడుపున 92, గంటకు 180, రెండు గంటలకు 153. మన జాతీయ పద్ధతిలో తిన్నా తినకపోయినా 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి, రెండు గంటల తర్వాత ఒక్కసారి చూస్తారు. 140 దాటినా, సరిగ్గా 140 ఉన్నా షుగర్ ఉన్నట్టే. ఏటూరునాగారం అడవి ఊళ్ల నుంచి ఆటో పట్టుకుని వచ్చే గర్భిణిని పరగడుపున రమ్మనడం ఎంత కష్టమో చూశాను కాబట్టి, ఈ మార్పు ఎందుకో నాకు వేరేగా చెప్పనక్కర్లేదు. హద్దులు మారుతూ కూడా ఉంటాయి. 2024లో డబ్ల్యూహెచ్‌ఓ రెండో త్రైమాసికానికి రక్తహీనత హద్దును 10.5 చేసింది. అంకెలను కోడ్ లోపల పాతేయకుండా విడిగా ఉంచండి.

మేం ముందుగా ఆలోచించనిది ఇంకొకటి ఉంది: పరీక్షే జరగకపోతే? మా యాప్‌లో హిమోగ్లోబిన్ గడి నింపనిదే ముందుకు పోనిచ్చేది కాదు. ఒక నెల డేటా తీసి చూస్తే వరసగా 10, 10, 10. స్ట్రిప్పులు అయిపోయాయి, అక్కలు పని ఆగకుండా ఏదో అంకె వేశారు. తప్పు వాళ్లది కాదు, ఆ గడిది. "పరీక్ష చేయలేదు", దాని కింద కారణం అని చేర్చాక స్ట్రిప్పుల కొరత మాకు మొదటిసారి కనబడింది.

చివరి నెలసరి తేదీ కూడా అంతే. "సమ్మక్క జాతర అయిన పది రోజులకు" అని చెప్పే ఆమె దగ్గర యాప్ కచ్చితమైన తేదీ అడుగుతుంది. "అంచనా తేదీ" అని గుర్తు పెట్టుకునే వీలు లేకపోతే ప్రసవం తేదీ లెక్కంతా తప్పుతుంది.

జాతీయ వ్యవస్థకు కలిపేటప్పుడు 14 అంకెల ఆభా నంబర్ (మనిషికి ఇచ్చే ఆరోగ్య గుర్తింపు సంఖ్య) ఒక్కటీ చూసుకుంటే చాలదు, ఊరి కోడ్‌లూ చూసుకోవాలి. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ హనుమకొండ జిల్లా అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. పాత రికార్డులో పేరును బట్టి జిల్లాను పోల్చుకుంటే మనుషులు తారుమారవుతారు. పేర్లతో కాకుండా కోడ్‌లతో కలపండి.

ముందు ఒక్క నియమం పట్టిక రాసుకుని, ఏదైనా సబ్‌సెంటర్‌లో ఒక అక్క పక్కన కూర్చుని హిమోగ్లోబిన్ గడిలో ఈ ఐదూ వేయించి చూడండి: 6.9, 7.0, 10.9, 11.0, ఖాళీ.