ఊదారంగు ఎందుకు రాలేదు?

ప్రశ్న: గుడ్డు తెల్లసొనతో బైయూరెట్ పరీక్ష (ప్రొటీన్ ఉందో లేదో రంగుతో తేల్చేది) చేస్తే ఊదారంగు రావడం లేదు. నీలం ముద్ద అడుగున పేరుకుంటోంది. తప్పెక్కడ?

జవాబు: మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్, అంటే రాగి లవణం) ఎక్కువైంది. రంగు రాలేదని ఇంకాస్త పోస్తే ఇంకా చెడుతుంది. క్షారంలో పెప్టైడ్ బంధంలోని (ప్రొటీన్‌లో అమైనో ఆమ్లాలను కలిపే బంధం) నైట్రోజన్ తన హైడ్రోజన్‌ను వదిలేసి రాగి అయాన్‌ను పట్టుకుంటుంది. అలా నాలుగు నైట్రోజన్లు రాగి చుట్టూ చతురస్రంగా చేరితే ఊదా. నైట్రోజన్లు దొరకని రాగి హైడ్రాక్సైడ్‌గా మారి, లేతనీలం ముద్దై, ఆ ఊదాను కప్పేస్తుంది.

ఒక వంతు తెల్లసొనకు పది వంతుల నీళ్లు, చిటికెడు ఉప్పు కలిపి పలుచని గుడ్డలో వడకట్టండి. ఉప్పు లేకపోతే గ్లోబ్యులిన్లు అనే ప్రొటీన్లు విరిగి ద్రావణం తెల్లబారుతుంది. ఇందులో 2 మి.లీ. తీసుకుని, ముందు 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ 2 మి.లీ. పోయాలి. ఆ తర్వాతే 1 శాతం మైలుతుత్తం ద్రావణం, ఒక్కో చుక్కకూ ట్యూబు కదుపుతూ. రెండు మూడు చుక్కలు చాలు. క్షారంతో పని కాబట్టి కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి.

ప్రొటీన్ ఎంతుందో కొలవాలంటే చుక్కల లెక్క పనికిరాదు. లీటరు ద్రావణంలో మైలుతుత్తం 1.5 గ్రాములు, సోడియం పొటాషియం టార్ట్రేట్ 6 గ్రాములు, 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ 300 మి.లీ. ఉండాలి. రాగి ముద్దకట్టకుండా టార్ట్రేట్ పట్టి ఉంచుతుంది. నమూనా 1 మి.లీ.కి ఇది 4 మి.లీ. కలిపి, 30 నిమిషాలాగి 540 నానోమీటర్ల కాంతిని ఎంత పీల్చుకుంటోందో చూడండి. అమ్మోనియం సల్ఫేట్ కలిపి ముద్దగా అడుక్కి దించిన ప్రొటీనైతే ముందు డయాలసిస్ (పలుచని పొర గుండా ఆ లవణాన్ని బయటికి పంపడం) చేయాలి. లేకపోతే అమ్మోనియా రాగిని లాక్కుని ముదురు నీలం చూపిస్తుంది.

అన్నట్టు, ఈ పరీక్షలో బైయూరెట్ అనే పదార్థమే ఉండదు. యూరియాను వేడిచేస్తే వచ్చే ఆ పదార్థం కూడా ఇదే రంగునిస్తుంది కాబట్టి ఆ పేరు.

ప్రశ్న: రాగికి బదులు నికెల్ వాడితే?

జవాబు: పసుపు, నారింజ మధ్య రంగు వస్తుంది. అమరిక అదే చతురస్రం. అయితే ల్యాబుల్లో నికెల్‌కు అసలు పని వేరే ఉంది: హిస్-ట్యాగ్ ప్రొటీన్లను (చివర హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాల వరుస తగిలించినవి) కాలమ్‌లో శుద్ధి చేయడం. నికెల్‌కున్న ఆరు స్థానాల్లో నాలుగింటిని ఎన్‌టీఏ (నికెల్‌ను కాలమ్‌లో పట్టి ఉంచే పదార్థం) ఆక్రమిస్తుంది. మిగిలిన రెంటిని హిస్టిడిన్లు పట్టుకుంటాయి. రాగి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది కానీ, అక్కర్లేని ప్రొటీన్లనూ వెంట తెస్తుంది.

బఫర్ పీహెచ్ 8 ఉంచండి. 6 కంటే దిగితే హిస్టిడిన్ ప్రోటాన్ తీసుకుని పట్టు వదిలేస్తుంది. ఇమిడజోల్ (నికెల్ కోసం హిస్టిడిన్‌తో పోటీపడే పదార్థం) ప్రొటీన్‌ను కాలమ్‌లోకి ఎక్కించేటప్పుడు 10, కడిగేటప్పుడు 20, దించేటప్పుడు 250 మిల్లీమోలార్లతో మొదలుపెట్టవచ్చు. కాలమ్ తెల్లబడితే ఈడీటీఏ (లోహాలను గట్టిగా పట్టుకునే పదార్థం) నికెల్‌ను ఊడ్చేసిందని, గోధుమరంగుకు మారితే డీటీటీ (క్షయీకరణకు వాడే రసాయనం) దాన్ని క్షయీకరించిందని అనుమానించండి.

ప్రశ్న: రక్తంలో అంత క్షారం లేదు కదా, అక్కడ రాగి పెప్టైడ్ నైట్రోజన్లను ఎలా పట్టుకుంటుంది?

జవాబు: ప్రొటీన్ గొలుసు మొదలు నుంచి మూడో స్థానంలో హిస్టిడిన్ ఉంటే అంత క్షారం అక్కర్లేదు. మనిషి రక్తంలోని ఆల్బుమిన్ అనే ప్రొటీన్ ఆస్పార్టేట్, అలనిన్, హిస్టిడిన్‌తో మొదలవుతుంది. మొదటి అమైన్, రెండు పెప్టైడ్ నైట్రోజన్లు, హిస్టిడిన్ నైట్రోజన్ కలిసి పీహెచ్ 7.4 దగ్గరే రాగినైనా నికెల్‌నైనా చతురస్రంగా బంధిస్తాయి. కుక్క ఆల్బుమిన్‌లో ఆ మూడో చోట హిస్టిడిన్ లేదు, టైరోసిన్ ఉంది. అందుకే దానికి రాగి మీద అంత పట్టు లేదు.