లాన్ ఈవెంట్‌కి నెట్ ఎంత కావాలి, ఎలా కావాలి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు గేమింగ్ ఈవెంట్ల గురించే, అదే లాన్ ఈవెంట్లు, అంటే అందరూ ఒకే హాల్లో చేరి పీసీలన్నీ ఒకే నెట్‌వర్క్‌కి కలిపి ఆడేవి. కాలేజీ ఫెస్ట్ నడిపేవాళ్లు, క్లబ్బులవాళ్లు, ఆడటానికి వెళ్లి విసిగిపోయి వచ్చినవాళ్లు అందరూ రాశారు. ఒకే ప్రశ్నని చాలామంది అడిగినచోట ఒకటే తీసుకున్నాం.

ప్రశ్న: 400 మందితో లాన్ ఈవెంట్ పెడుతున్నాం సర్, అందరూ సొంత పీసీలు తెచ్చుకుంటారు. 10 జీబీపీఎస్ ఫైబర్ లైన్ మాట్లాడాం. ఇంక పింగ్ గురించి బెంగ అక్కర్లేదు కదా?

జవాబు: పింగ్ అంటే మీ పీసీ నుంచి సర్వర్‌కి వెళ్లి తిరిగి రావడానికి పట్టే టైం, దానికి 10 జీబీపీఎస్‌కి మీరు అనుకుంటున్నంత చుట్టరికం లేదండి. షూటర్ గేమ్ ఆడేటప్పుడు ఒక్కో ప్లేయర్‌కి అయ్యే ట్రాఫిక్ చాలా తక్కువ, మామూలుగా సెకనుకి కొన్ని వందల కిలోబిట్లు. మనిషికి అర ఎంబీపీఎస్ వేసుకున్నా 400 మందికి 200 ఎంబీపీఎస్. అంటే మీ లైన్‌లో యాభయ్యో వంతు. ఆట వరకే చూసుకుంటే మీరు తీసుకున్నది బోలెడంత ఎక్కువ.

పింగ్‌ని నిర్ణయించేవి వేరే ఉన్నాయి. ఒకటి దూరం. ఫైబర్‌లో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లే వెళ్తుంది, శూన్యంలో వెళ్లే వేగంలో మూడింట రెండొంతులు అన్నమాట, కాబట్టి గేమ్ సర్వర్ 1000 కిలోమీటర్ల దూరంలో ఉంటే వెళ్లి రావడానికే 10 మిల్లీసెకన్లు పోతాయి, మధ్యలో రూటర్లు కలిపేది అదనం, పైగా కేబుల్ ఎప్పుడూ గీత గీసినట్టు తిన్నగా వెళ్లదు. 1 జీబీపీఎస్ తీసుకున్నా 100 జీబీపీఎస్ తీసుకున్నా ఈ 10 తగ్గదు. అందుకే సీరియస్ టోర్నమెంట్లలో గేమ్ సర్వర్‌ని హాల్లోనే పెడతారు, అప్పుడు పింగ్ ఒక మిల్లీసెకను అటూ ఇటూ ఉంటుంది. సెకనుకి 128 సార్లు అప్‌డేట్ అయ్యే సర్వర్‌లో ఒక్కో అప్‌డేట్‌కి (దీన్నే టిక్ అంటారు) మధ్య దాదాపు 7.8 మిల్లీసెకన్లే కాబట్టి ఆడేవాళ్లకి ఆ తేడా తెలుస్తుంది.

రెండోది క్యూ. లైన్ నిండిపోయినప్పుడు ప్యాకెట్లు, అంటే డేటా చిన్న ముక్కలు, రూటర్ బఫర్‌లో (కాసేపు దాచుకునే మెమరీలో) వరస కట్టి నిలబడతాయి. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్న లైన్‌లో 1 మెగాబైట్ (8 మెగాబిట్లు) బఫర్ నిండిందంటే దాని వెనక వచ్చిన గేమ్ ప్యాకెట్ 800 మిల్లీసెకన్లు ఆగాల్సిందే. ఇంట్లో ఎవరో వీడియో అప్‌లోడ్ పెట్టగానే మీకు ల్యాగ్ వచ్చేది ఇందుకే. పెద్ద లైన్ వల్ల లాభం ఏంటంటే ఈ క్యూ తయారవ్వకుండా చూసుకోవచ్చు. అంటే దాని పని వేగం పెంచడం కాదు, ఆగకుండా చూడటం.

కాబట్టి 10 జీబీపీఎస్ వద్దని అనట్లేదు, ఉంచుకోండి, అది దేనికి పనికొస్తుందో కింద ప్రశ్నలో ఉంది.

ప్రశ్న: పోయినసారి మా ఈవెంట్ మొదలయ్యే రోజు పొద్దున్నే గేమ్‌కి 40 జీబీ అప్‌డేట్ వచ్చింది, అందరూ డౌన్‌లోడ్ పెట్టారు, మధ్యాహ్నం దాకా ఒక్క మ్యాచ్ కూడా మొదలవ్వలేదు. దీనికి మందు ఏదైనా ఉందా?

జవాబు: ఉందండి, మంచి మందే ఉంది, కానీ చిన్న ఈవెంట్లవాళ్లు చాలామంది దీని జోలికే పోరు, అదే నాకు బాధ.

లెక్క చూడండి. 400 మంది ఒక్కొక్కరు 40 జీబీ అంటే మొత్తం 16,000 జీబీ, బైట్‌కి 8 బిట్లు కాబట్టి 1,28,000 గిగాబిట్లు. 10 జీబీపీఎస్ లైన్‌ని అంచు దాకా వాడినా దాదాపు మూడున్నర గంటలు, అదే 1 జీబీపీఎస్ అయితే ఒకటిన్నర రోజు. నాలుగు వందల మందికీ కావాల్సింది మాత్రం అవే ఫైళ్లు. ఒకసారి బయట నుంచి తెచ్చి హాల్లో పెట్టుకుంటే సరిపోతుంది కదా, ఈ పని చేసేదే క్యాష్ సర్వర్. లాన్‌క్యాష్ అని ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఉంది, ఫ్రీ. హాల్లో డీఎన్ఎస్‌ని, అంటే సైట్ పేరు అడిగితే ఐపీ అడ్రస్ చెప్పేదాన్ని, దానివైపు తిప్పుతారు, స్టీమ్ (పీసీ గేములు కొని దించుకునే యాప్) డౌన్‌లోడ్ అడ్రస్ అడిగిన ప్రతి పీసీకీ క్యాష్ సర్వర్ అడ్రస్ వెళ్తుంది, మొదటివాడు అడిగినప్పుడు అది బయట నుంచి తెస్తుంది, రెండోవాడి నుంచి తన డిస్క్ నుంచే ఇస్తుంది. స్టీమ్ గేమ్ ఫైళ్లు మామూలు హెచ్‌టీటీపీలో వస్తాయి కాబట్టి ఇది కుదురుతుంది, ఎన్‌క్రిప్ట్ చేసి హెచ్‌టీటీపీఎస్‌లో మాత్రమే ఇచ్చే లాంచర్లకి కుదరదు, ముందే ఒకసారి టెస్ట్ చేసుకోండి.

ఇక్కడ చాలామంది తప్పటడుగు వేసేది క్యాష్ సర్వర్ మెషిన్ విషయంలో. పాత పీసీలో హార్డ్ డిస్క్ వేసి 1 జీబీపీఎస్ పోర్ట్‌కి తగిలిస్తే దాని ముందే పెద్ద క్యూ తయారవుతుంది. ఎన్‌వీఎంఈ డిస్కులు (చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీలు), కనీసం 10 జీబీపీఎస్ నెట్‌వర్క్ కార్డు, వీలైతే 25 పెట్టండి. ఈవెంట్ ముందురోజు రాత్రే ఆడబోయే గేములన్నీ ఒక పీసీలో డౌన్‌లోడ్ చేసి క్యాష్ నింపి పెట్టుకోండి, అప్‌డేట్ పొద్దున వచ్చినా తేడా వరకే తెచ్చుకుంటుంది. ఇది కూడా వీలుకాకపోతే స్టీమ్‌లో 2023లో వచ్చిన లోకల్ నెట్‌వర్క్ ట్రాన్స్‌ఫర్ ఆన్ చేయమని చెప్పండి, పక్క పీసీలో గేమ్ ఉంటే అక్కడి నుంచి కాపీ అవుతుంది.

ప్రశ్న: డ్రీమ్‌హ్యాక్ లాంటి పెద్ద లాన్ ఈవెంట్లలో వేలమంది ఒకే హాల్లో ఎలా ఆడతారు? అంతమందికి స్విచ్‌లు, కేబుళ్లు ఎలా వేస్తారు?

జవాబు: ఈ ప్రశ్న అడిగినందుకు థ్యాంక్స్, నాకు చాలా ఇష్టమైన విషయం ఇది. స్వీడన్‌లో మాలుంగ్ అనే చిన్న ఊళ్లో ఒక స్కూల్లో 1994లో మొదలైన గెట్-టుగెదర్ డ్రీమ్‌హ్యాక్, తర్వాత యోన్‌షోపింగ్‌లో ఎగ్జిబిషన్ హాళ్లకి మారి పదివేలకు పైగా కంప్యూటర్ల స్థాయికి వెళ్లింది. నార్వేలో ది గ్యాదరింగ్ అనే ఇలాంటి ఈవెంటే ఉంది, 1992లో మొదలై తర్వాత హామార్‌కి మారింది, ఈస్టర్ వారంలో, అక్కడ 1994 వింటర్ ఒలింపిక్స్ స్కేటింగ్ కోసం కట్టిన హాల్లో జరుగుతుంది, నెట్‌వర్క్ మొత్తం వాలంటీర్లే వేస్తారు. కొన్ని రోజుల కోసం ఒక చిన్న టౌన్ అంత నెట్‌వర్క్ కట్టి మళ్లీ విప్పేస్తారు, ఆ ఓపికకి దండం పెట్టాలి.

వేసే పద్ధతి అంతటా దాదాపు ఒకటే. టేబుళ్ల వరసలో 48 పోర్టుల స్విచ్ (చాలా పీసీలని కలిపే పెట్టె) ఒకటి, ప్లేయర్ పీసీకి కాపర్ కేబుల్‌లో 1 జీబీపీఎస్. ఆ స్విచ్ నుంచి వెనక్కి 10 జీబీపీఎస్ లింకులు ఒకటో రెండో వరసల స్విచ్‌లని కలిపే డిస్ట్రిబ్యూషన్ స్విచ్‌కి, అక్కడి నుంచి 40 లేదా 100 జీబీపీఎస్ ఫైబర్ కోర్‌కి, అంటే అన్నిటికీ మధ్యలో ఉండే ప్రధాన స్విచ్‌కి. 48 మందికి 10 జీబీపీఎస్ అంటే దాదాపు అయిదుకి ఒకటి, అందరూ ఒకే క్షణంలో ఫుల్ స్పీడ్ లాగరు కాబట్టి ఇది సరిపోతుంది. పదివేల పీసీలకి ఒక్కోదానికి 1 జీబీపీఎస్ నిజంగా బయటికి ఇవ్వాలంటే 10 టెరాబిట్లు కావాలి, అలా ఎవరూ ఇవ్వరు, ఇవ్వక్కర్లేదు కూడా.

హాల్లో ఫైబర్ ఎందుకంటే కాపర్ ఈథర్నెట్ 100 మీటర్లు దాటితే గ్యారంటీ లేదు, అదే క్యాట్ 6 కేబుల్‌లో 10 జీబీపీఎస్ అయితే 55 మీటర్ల దాకానే. పెద్ద హాల్లో ఈ మూల నుంచి ఆ మూలకి 100 మీటర్లు ఇట్టే దాటిపోతుంది. ఎక్కువ దూరాలకి వాడే సింగిల్ మోడ్ ఫైబర్‌లో మామూలు 10జీ మాడ్యూల్ (సిగ్నల్‌ని కాంతిగా మార్చే, స్విచ్‌లో గుచ్చే ముక్క) పెట్టినా 10 కిలోమీటర్లు వెళ్తుంది.

ఐపీ అడ్రస్‌ల సంగతి ఎవరూ పట్టించుకోరు గానీ ముఖ్యం. వందలమందిని ఒకే పబ్లిక్ ఐపీ (బయటి ఇంటర్నెట్‌కి కనిపించే అడ్రస్) వెనక పెడితే, దీన్నే న్యాట్ అంటారు, కొన్ని గేమ్ సర్వీసులు ఒకే చోట నుంచి ఇన్ని లాగిన్లేంటని అనుమానించి ఆపేస్తాయి. యూరప్‌లో అడ్రస్‌లు పంచే రైప్ ఎన్‌సీసీ ఇలాంటి ఈవెంట్లకి టెంపరరీగా అడ్రస్ బ్లాక్‌లు ఇచ్చే పద్ధతి పెట్టింది. మీకు అంత కుదరకపోతే మీ ప్రొవైడర్‌ని కనీసం పది పదిహేను పబ్లిక్ ఐపీలు అడిగి వరసల వారీగా పంచండి.

బయటి లైన్ రెండు దారుల్లో రావాలి. రెండు కేబుళ్లు ఒకే గొట్టంలో వస్తే జేసీబీ ఒక్క దెబ్బకి రెండూ పోతాయి, దాన్ని బ్యాకప్ అనరు.

ప్రశ్న: అంత కేబులింగ్ ఎందుకన్నా, మంచి వైఫై పెడితే అయిపోదా?

జవాబు: ఫోన్లకి పెట్టు తమ్ముడూ, మ్యాచ్‌లకి వద్దు. వైఫైలో ఒక చానల్ మీద ఒకసారి ఒక్కరే మాట్లాడాలి, మిగతావాళ్లు ఆగాలి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానికొకటి తగలని చానళ్లు మూడే, అందులో వచ్చిన జనం ఫోన్ హాట్‌స్పాట్‌లు ఆన్ చేస్తారు. స్పీడ్ టెస్ట్‌లో నంబర్ బాగానే వస్తుంది గానీ పింగ్ ఒకసారి 5, ఒకసారి 90, ఆటకి అదే చావు.

ప్రశ్న: మా ఈవెంట్‌లో రెండో రోజు ఉన్నట్టుండి హాలంతా నెట్ పోయింది. ప్రొవైడర్‌కి ఫోన్ చేస్తే లైన్ బాగానే ఉందన్నారు. అరగంట తర్వాత దానంతట అదే వచ్చింది. ఏమై ఉంటుంది?

జవాబు: చూడకుండా ఖాయంగా చెప్పలేం గానీ ఈ లక్షణాలకి మొట్టమొదట అనుమానించాల్సింది లూప్. ఎవరో ఇంటి నుంచి అయిదు పోర్టుల చిన్న స్విచ్ తెచ్చుకుంటారు, టేబుల్ కింద ఊరికే వేలాడుతున్న కేబుల్ కొస కనిపిస్తుంది, ఇదేదో ఊడిపోయినట్టుంది అని మంచి మనసుతోనే ఖాళీ పోర్టులో గుచ్చుతారు, ఆ కేబుల్ రెండో కొస కూడా అదే స్విచ్‌లో ఉంటుంది. అంతే. ఈథర్నెట్ ఫ్రేమ్‌కి (కేబుల్‌లో వెళ్లే డేటా ముక్కకి) ఇన్నిసార్లు తిరిగాక చచ్చిపో అనే లెక్క లేదు, ఐపీ ప్యాకెట్‌కి ఉన్న టీటీఎల్ దీనికి ఉండదు, కాబట్టి ఒక్క బ్రాడ్‌కాస్ట్ (అందరికీ పంపే ఫ్రేమ్) వచ్చి అందులో పడితే తిరుగుతూనే ఉంటుంది, తిరిగిన ప్రతిసారీ కాపీలు మిగతా పోర్టులన్నిటికీ వెళ్తాయి, క్షణాల్లో మొత్తం నిండిపోతుంది. ఆ టైంలో స్విచ్ దగ్గరికి వెళ్లి చూస్తే లైట్లన్నీ ఒకేసారి టపటపా కొట్టుకుంటూ ఉంటాయి, మామూలప్పుడు ఒక్కోటి ఒక్కో తీరుగా మెరుస్తుంది, ఈ తేడా ఒకసారి చూస్తే మళ్లీ మర్చిపోరు. ఆ మనిషి కేబుల్ పీకేయగానే అంతా నార్మల్, అందుకే దానంతట అదే వచ్చినట్టు అనిపిస్తుంది.

దీనికి టేబుల్ స్విచ్‌లు మేనేజ్డ్‌వి, అంటే సెట్టింగులు మార్చుకోగలిగేవి, అయ్యుండాలి. ప్లేయర్ పోర్టుల్లో బీపీడీయూ గార్డ్, లూప్ ప్రొటెక్షన్, స్టార్మ్ కంట్రోల్ అని లూప్‌ని, దాని ట్రాఫిక్ వరదని ఆపే సెట్టింగులు ఉంటాయి, మూడూ ఆన్ చేయండి, అప్పుడు లూప్ చేసిన పోర్ట్ ఒక్కటే ఆగుతుంది. డీహెచ్‌సీపీ అంటే పీసీలకి ఐపీ అడ్రస్‌లు పంచేది, మీది తప్ప వేరేవాళ్లది పంచకుండా ఆపే డీహెచ్‌సీపీ స్నూపింగ్ కూడా తప్పదు, ఎందుకంటే ఎవరో ఒకరు ఇంటి రూటర్ లాన్ పోర్టుని మీ స్విచ్‌కి తగిలిస్తే అది చుట్టుపక్కల వాళ్లందరికీ 192.168 అడ్రస్‌లు పంచడం మొదలుపెడుతుంది, సగం వరసకి నెట్ ఉంటుంది, సగం వరసకి ఉండదు, వెతికేవాడికి పిచ్చెక్కుతుంది. వరసకో వీల్యాన్ (అవే స్విచ్‌లలో విడదీసిన వేరే నెట్‌వర్క్) వేరుగా పెడితే ఎంత గొడవైనా ఆ వరస దాటదు. స్టేజీ మీద ఆడే ప్లేయర్లకి, స్ట్రీమ్ పంపే పీసీలకి స్విచ్‌లే వేరుగా పెట్టండి, కోర్ దాకా ఆడియన్స్ ట్రాఫిక్‌తో కలవనివ్వకండి.

ప్రశ్న: ఫైబర్ లింక్ లైట్ వెలుగుతోంది, అయినా ఆ వరసలో వాళ్లకే ప్యాకెట్ లాస్. మాడ్యూల్ మార్చాం, తగ్గలేదు. ఏం చేయాలి?

జవాబు: ఫైబర్ కొస తుడవండి. నవ్వుతూ చెప్తున్నది కాదు, ఫైబర్ సమస్యల్లో చాలా మామూలుగా ఎదురయ్యేది ఇదే. సింగిల్ మోడ్ ఫైబర్‌లో కాంతి నడిచే దారి 9 మైక్రాన్లు, తల వెంట్రుక మందంలో ఏడెనిమిదో వంతు ఉంటుంది, దాని మీద కంటికి కనపడని దుమ్ము కణం పడినా సిగ్నల్ పడిపోతుంది, లైట్ మాత్రం వెలుగుతూనే ఉంటుంది. హాల్లో నేల మీద లాగిన కేబుళ్లు, మూత తీసి జేబులో పెట్టుకుని తిరిగిన కనెక్టర్లు, ఇంకేం కావాలి. స్విచ్‌లో ఆ పోర్టుకి సీఆర్‌సీ ఎర్రర్లు (పాడైపోయి వచ్చిన డేటా లెక్క) పెరుగుతున్నాయా, రిసీవ్ పవర్ (అందుతున్న కాంతి బలం) ఎంత ఉందో చూడండి. క్లీనర్ పెన్‌తో రెండు వైపులా, మాడ్యూల్ లోపల కూడా తుడవండి, చొక్కా అంచుతో మాత్రం తుడవకండి. తర్వాత కేబుల్ ఎక్కడైనా టేబుల్ కాలి కింద నలిగిందా, గట్టిగా మడత పడిందా చూడండి. కొసలోకి కన్ను పెట్టి వెలుతురు వస్తోందా అని చూడొద్దు, 1310, 1550 నానోమీటర్ల కాంతి కంటికి కనపడదు, కానీ కంటికి హాని చేయగలదు.

ప్రశ్న: ఇలాంటి ఈవెంట్ నెట్‌వర్క్ టీమ్‌లో పని చేయాలని ఉంది. డిగ్రీ రెండో సంవత్సరం. ఏం నేర్చుకోవాలి?

జవాబు: వీల్యాన్, స్పానింగ్ ట్రీ (లూప్‌లు పడకుండా చూసేది), డీహెచ్‌సీపీ, ఓఎస్‌పీఎఫ్ (ఒక నెట్‌వర్క్ లోపల దారులు వెతికేది) ముందు గట్టిగా పట్టు తమ్ముడూ, బీజీపీ (వేరే వేరే నెట్‌వర్కుల మధ్య దారులు వెతికేది) తర్వాత. లైనక్స్ రావాలి. సెకండ్ హ్యాండ్‌లో ఒక పాత మేనేజ్డ్ స్విచ్ దొరికితే తీసుకుని కావాలనే లూప్ పెట్టి ఏమవుతుందో చూడు, ఆ తర్వాత బీపీడీయూ గార్డ్ ఆన్ చేసి మళ్లీ పెట్టు. ది గ్యాదరింగ్ వాలంటీర్లు వాళ్లు వాడే మానిటరింగ్ సిస్టమ్ గొండుల్‌ని ఓపెన్ సోర్స్‌గా పెట్టారు, ఆ కోడ్ చదివితే అంత పెద్ద హాల్లో వాళ్లు దేన్ని గమనిస్తారో అర్థమవుతుంది. మీ దగ్గర్లో ఏ ఈవెంట్ జరిగినా రెండు రోజుల ముందు వెళ్లి కేబుళ్లకి లేబుళ్లు అంటిస్తానని అడుగు, కాదనేవాళ్లు ఉండరు. లేబుల్ రెండు కొసలకీ అంటించాలి, ఏ స్విచ్, ఏ పోర్ట్, అవతల ఎక్కడికి వెళ్తుందో రాసి.