రైతు తలూపాడంటే అర్థమైనట్టేనా?

ప్రశ్న: అగ్రికల్చర్ బీఎస్సీ ఆఖరి ఏడాదిలో ఉన్నాను. మార్కులు బాగానే వస్తాయి. రావెప్‌ (విద్యార్థులు పల్లెల్లో ఉండి వ్యవసాయ పని అనుభవం పొందే కార్యక్రమం)లో భాగంగా ప్రస్తుతం ఒక ఊళ్లో పనిచేస్తున్నాను. నేను చెప్పేదంతా రైతులు వింటారు, తలూపుతారు. ఆ తర్వాత నేరుగా ఎరువుల దుకాణానికి వెళ్లి ఏం వేయాలో, ఏం కొట్టాలో అక్కడ అడుగుతారు. ఏఈవో (వ్యవసాయ విస్తరణ అధికారి) ఉద్యోగం నాకు సరిపడదేమో! ఎమ్మెస్సీ చేసి పరిశోధన వైపు వెళ్లడం మంచిదా?

జవాబు: ఎమ్మెస్సీ మీద ఇష్టముంటే చేయండి. ఈ కారణంతో మాత్రం వద్దు. మీకొచ్చిన ఇబ్బంది బాగా చదివినవాళ్లకే ఎక్కువ. ఒక విషయం ఒంటబట్టాక, అది తెలియని రోజుల్లో మనకు ఏది కొరుకుడు పడేది కాదో గుర్తుకు రాదు. 1990లో స్టాన్‌ఫర్డ్‌లో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధక విద్యార్థిని దీన్ని పరీక్షించి చూశారు. అందరికీ తెలిసిన పాటలను కొందరు బల్ల మీద వేలితో దరువేయాలి, ఎదుటివాళ్లు అదేం పాటో చెప్పాలి. సగం పాటలైనా పట్టేస్తారని దరువేసినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో పట్టుకున్నవి 3. వేసేవాళ్ల చెవుల్లో పాట మోగుతోంది, వినేవాళ్లకు టకటకలే.

మీ చెవిలో మోగేది హెక్టారు లెక్క. 'వరికి హెక్టారుకు 120 కిలోల నత్రజని' అన్నారనుకోండి, మీ వరకు సలహా పూర్తయింది. రైతు మాత్రం దాన్ని ఎకరాకు 48 కిలోలుగా మార్చుకోవాలి, యూరియాలో నత్రజని 46 శాతమేనని, బస్తా 45 కిలోలని గుర్తుంచుకోవాలి, డీఏపీ బస్తాతో ముందే పడిన 9 కిలోల నత్రజని తీసేయాలి. గట్టు మీద నిలబడి ఈ లెక్క ఎవరు కడతారు? దుకాణదారు 'ఎకరాకు డీఏపీ ఒకటి, యూరియా రెండు' అని తేల్చేస్తాడు. చిత్రమేమిటంటే ఇక్కడ మీ లెక్కా అతని లెక్కా దాదాపు ఒకటే. కాకపోతే అక్కర్లేని మందును కూడా అంతే తేలికగా అంటగట్టగలడు. అందుకే బస్తాల్లో, ట్యాంకుల్లో మాట్లాడటం మీకూ రావాలి.

వరి రసం పీల్చే సుడిదోమ గురించి చెప్పేటప్పుడు 'ఈటీఎల్ (మందు కొట్టక తప్పని పురుగుల సంఖ్య) దాటితేనే పిచికారీ' అని ఊరుకోకండి. రైతుతో పాటు మడిలోకి దిగి, దుబ్బు మొదట్లో తట్టి, దోమల్ని ఆయన చేతే లెక్కపెట్టించండి. లీటరుకు 2 మి.లీ. మందైతే 16 లీటర్ల ట్యాంకుకు 32 మి.లీ. అని చెప్పి, కొలిచి చూపించండి.

ఇంకో మాట. 'అర్థమైందా?' అని అడగడం మానేయండి. కాలేదనడం పెద్దవాళ్లకు నామోషీ, పైగా చదువుకున్న పిల్లను చిన్నబుచ్చడం ఇష్టముండదు. 'రేపు పొద్దున పొలంలో మొదట ఏం చేస్తారు పెద్దయ్యా?' అని అడగండి. ఆయన జవాబు ఎక్కడ తడబడితే అక్కడ మీరు ఒక మెట్టు వదిలేశారని అర్థం.

పరిశోధనలోకి వెళ్లినా ఈ పని తప్పదు. కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం)లో చేరితే రైతులే ఎదురుగా ఉంటారు. ఈ పనిలో రుచి కలిగితే విస్తరణ విద్య (సాగు విజ్ఞానాన్ని రైతులకు చేరవేసే చదువు)లోనే ఎమ్మెస్సీ చేయొచ్చు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని మేనేజ్ (జాతీయ వ్యవసాయ విస్తరణ నిర్వహణ సంస్థ)లో అగ్రిబిజినెస్ పీజీడీఎం (మేనేజ్‌మెంట్‌లో పీజీ డిప్లొమా) కూడా ఉంది. ఎరువులు, పురుగుమందుల డీలర్ల కోసం 'దేశీ' అనే ఏడాది డిప్లొమా నడిపేది కూడా ఆ సంస్థే. మీ ఊరి దుకాణదారు అది చేశారేమో కనుక్కోండి. చేసి ఉంటే రావెప్ ముగిసేలోపు ఆయన దగ్గర ఒక పూట కూర్చుని, రైతులు ఏమడుగుతున్నారో, ఎలా అడుగుతున్నారో రాసుకోండి.