మెడ తిప్పడం మరిచిపోకు

అమ్మాయీ,

లైసెన్సు వచ్చిందని మీ అమ్మ చెప్పింది, సంతోషం. "తిన్నగా నడపడం వచ్చేసింది మామయ్యా, పక్క వరుసలోకి మారాలంటేనే గుండె దడ" అన్నావట. ఆ దడ కొంతకాలం ఉండనీ. నాకు అది పూర్తిగా పోయాకే గండం ఎదురైంది.

ఆ రోజు సిగ్నల్ వేశాను, అద్దం చూశాను. రోడ్డు ఖాళీ. స్టీరింగ్ కాస్త తిప్పానో లేదో చెవి పక్కనే హారన్! తల తిప్పితే వెనుక తలుపు పక్కన మోటారు సైకిల్. ఆ కుర్రవాడి మోకాలికీ నా కారు రేకుకూ మధ్య జానెడు దూరం. అద్దం అబద్ధమాడలేదు. దానికి అందని చోట, అంటే బ్లైండ్ స్పాట్‌లో, అతనున్నాడు. పాతికేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, నోరు పెగల్లేదు.

అందుకని లోపలి అద్దం, పక్క అద్దం చూసి, సిగ్నల్ వేసి, కనీసం మూడు సెకన్లు ఆగి, స్టీరింగ్ కదిలించే ముందు భుజం మీదుగా ఒక్కసారి చూడు. చూసి వెంటనే తల మళ్లీ ముందుకు తిప్పేయాలి సుమా. 60 కిలోమీటర్ల వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు వెళ్లిపోతాం. సిగ్నల్ వేయడమంటే దారి అడగడం, అంతేగానీ దారి దొరికినట్టు కాదు. మారేటప్పుడు అలవాటుగా బ్రేకు మీద కాలు వేయకు. ఆ వరుసలో వెనుక వచ్చేవాడు నీ వేగాన్ని నమ్ముకుని వస్తుంటాడు.

పక్క అద్దాల్లో నీ కారు అంచు మాత్రమే కనపడాలి. సగం అద్దం నిండా సొంత కారునే చూసుకునేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది. పైగా ఆ అద్దాలు చాలావరకు ఉబ్బెత్తుగా ఉంటాయి, దగ్గరి బండినీ దూరంగా చూపిస్తాయి.

మలుపుల సంగతి. వేగం మలుపుకు ముందే తగ్గించు. వేగం రెట్టింపైతే బండిని బయటికి లాగే బలం నాలుగింతలవుతుంది. ఎదురు వాహనాలను దాటుకుని తిరగాల్సిన చోట ఆగినప్పుడు చక్రాలు తిన్నగా ఉంచు. ఇది నాకెవరూ చెప్పలేదు. ముందే తిప్పి పెట్టుకుంటే, వెనుక ఎవరైనా గుద్దినప్పుడు నేరుగా ఎదురు వాహనాల మీదికి వెళ్లిపడతాం. ముందు అద్దం పక్కనున్న కమ్మీ ఒక మనిషినంతా దాచేయగలదు, కాస్త ముందుకు వంగి చూడు. తిరుగుతున్న లారీ పక్క సందులో దూరకు. దాని వెనుక చక్రాలు ముందు చక్రాల కంటే లోపలికి కోసుకుంటూ వస్తాయి.

చివరి క్షణంలో గుర్తొచ్చిన మలుపును వదిలేయ్. ముందుకెళ్లి తిరిగి రావచ్చు. మీ అత్తయ్య "ఇక్కడే, ఇక్కడే!" అని అరిచినా నేను తిరగను. తరువాత పది నిమిషాలు మాటలు పడతాను.

మామయ్య