పది సెకన్లు నిలిస్తే చాలు

చిరంజీవి మేనకోడలికి, బరంపురం నుంచి మావయ్య దీవించి రాయునది.

వీడియో చూశాను. మోకాళ్లు చేతులకి ఆన్చి నిలిచే బకాసనం బాగానే నిలుస్తోంది. కాళ్లు వెనక్కి చాపి, ఒళ్లంతా నేలకి సమాంతరంగా చేతుల మీదే గాల్లో నిలిపే ప్లాంచ్‌లోకి వెళ్లిపోవాలని తొందరపడుతున్నావే, అదే నా టెన్షన్. రోజూ యోగా చేస్తే ఆ బలం దానంతట అదే వస్తుందని ఎవరో చెప్పారట. అలా రాదు. పుషప్‌లో సగం దిగినట్టుండే చతురంగ దండాసనం దగ్గర ఒక్క క్షణం ఆగి దాటేస్తాం, దాంతో నెట్టే బలం కొంత వస్తుంది, అంతే. బిగపట్టి నిలిపే బలం ఏ కోణంలో సాధన చేస్తే ఎక్కువగా ఆ కోణంలోనే పెరుగుతుంది. కాబట్టి నిలపడాన్నే విడిగా సాధన చేయాలి.

ముందు లోలాసనం పట్టుకో, అంటే కూర్చున్నచోటే కాళ్లు ముడిచి ఒంటిని చేతుల మీద లేపి నిలపడం. రెండు ఇటుకలకి పాత తువ్వాళ్లు చుట్టి, నేలమీద పడుకోబెట్టి, తుంటికి రెండు పక్కలా పెట్టుకో. అరచేతులు ఆన్చి, మోచేతులు నిటారుగా బిగించి కిందికి నెట్టు. భుజాలు చెవుల దగ్గరికి వచ్చేస్తున్నాయంటే నువ్వు నెట్టడం లేదు, చేతుల మధ్య వేలాడుతున్నావన్నమాట. పిరుదులు లేచాక మోకాళ్లు గుండెల వైపు లాగు. మొదట్లో ఒక బొటనవేలు నేలకి ఆనించే ఉంచుకో, ఎవరూ నవ్వరు. ఐదు నుంచి పది సెకన్లు చాలు. వణుకు వస్తే రానీ. మోచెయ్యి మడతపడబోతోందనిపిస్తే మాత్రం దిగిపో. రెండు నిమిషాలు కూర్చుని మళ్లీ ఎక్కు. అన్నీ కలిపి నిమిషం లోపు నిలిచినా ఆ రోజుకి సరిపోతుంది. పది సెకన్లు ఐదుసార్లు హాయిగా వచ్చాక ఒక కాలు చాపు, కొన్నాళ్లకి రెండోది. అదే ఎల్-సిట్. ఇక్కడి కుర్రాళ్లకి బలమంటే జిమ్‌లో ఎత్తే ఇనుమే. నీకు నీ కాళ్లే ఇనుము, చాపేకొద్దీ బరువెక్కుతాయి.

పైకి వినబడేలా అంకెలు లెక్కపెట్టు. గొంతు ఆగిందంటే ఊపిరి బిగపట్టినట్టే. మీ అమ్మ కూడా చేస్తానంటోందిట, ఆవిడకి బీపీ కదా, డాక్టర్ని అడక్కుండా మొదలుపెట్టొద్దని చెప్పు.

ఇవన్నీ ఒళ్లు వేడెక్కగానే చేసెయ్యి. కాళ్లు చాపి కూర్చుని ముందుకి వంగే పశ్చిమోత్తానాసనంలో నిమిషాల తరబడి ఉండి లేచాక కండకి కాసేపు పట్టు తగ్గుతుంది, అందుకని సాగదీసేవి చివర్న. వారానికి మూడు రోజులు, మధ్యలో ఒక రోజు ఖాళీ. ఖాళీ ఎందుకంటే, కండ పెరిగినంత తొందరగా, దాన్ని ఎముకకి కట్టి ఉంచే టెండన్ గట్టిపడదు. నీకు చేతనవుతోందని కండ చెబుతుంటుంది, మోచెయ్యి లోపలివైపు మాత్రం నొప్పి మొదలవుతుంది. ఆ నొప్పి వస్తే బలవంతం చెయ్యకు, చేతుల మీద బరువు మోపే పనులన్నీ తగ్గించేసెయ్యి.

మణికట్టుకి రోజూ ఐదు నిమిషాలివ్వు. అరచేతులూ మోకాళ్లూ నేలకి ఆన్చి, చేతివేళ్లు మోకాళ్ల వైపు తిప్పి మెల్లగా ముందుకీ వెనక్కీ ఊగు. గోపాల్‌పూర్ బీచ్‌కి వెళ్లినప్పుడు పొడి ఇసుకలో చేతుల మీద నిలబడుతున్నారు నువ్వూ నీ స్నేహితులూ. పడితే దెబ్బ తగలదు, నిజమే. కానీ అరచేయి మొదలు ఇసుకలో దిగబడి మణికట్టు మరీ వెనక్కి వంగిపోతుంది. అల తడిపి వెళ్లిన గట్టి ఇసుక చూసుకో.

ఇంకోటి, మయూరాసనం వచ్చేసింది కదా ప్లాంచ్ ఎంతసేపు అనుకోకు. మయూరంలో మోచేతులు పొట్టకి ఆనుతాయి, ఒంటి బరువు వాటి మీద కూర్చుంటుంది. ప్లాంచ్‌లో ఆనడానికి ఏమీ ఉండదు. భుజాలు మణికట్ల కంటే బాగా ముందుకి వెళ్లి, చేతులు నిటారుగానే ఉండి, మొత్తం మోయాలి. దానికి నెలలు కాదు, ఏళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. ముందు మోకాళ్లు ముడుచుకుని చేసే టక్ ప్లాంచ్ చాలు, అదీ ఎల్-సిట్ స్థిరపడ్డాకే.

ఈసారి వీడియో పక్క నుంచి తీయించు. ముందు నుంచి తీస్తే నడుం వాలిందో లేదో నాకు కనబడటం లేదు.

మీ మావయ్య